లక్కపళ్ళెం

పాట వినకముందే పట్టుకుని చూడాలి.
అంచులు మాత్రమే, ముఖం మీద వేలు పడకుండా,
కాలిన పెనం దించినంత జాగ్రత్తగా.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు
రాయి చీల్చిన చేతులివి.
గోటితో కొట్టి చెప్పేవాణ్ణి
ఏ పొర రాయో, లోపల పగులుందో లేదో.
రికార్డూ అంతే.
లక్కా రాతిపొడీ కలిపి ఒత్తిన అట్టు.
పాతదయితే ఠంగుమంటుంది.
తర్వాతెప్పుడో తీసిందయితే
తడిసిన అప్పడంలా ఉలకదు, పలకదు.

లేబుల్ని నమ్మొద్దు.
అది కాగితం, కాగితం ఏమైనా అంటుంది.
పాట అయిపోయాక ముల్లు ఊరికే తిరిగే చోట,
ఆ నల్లటి ఖాళీలో,
దీపం ఏటవాలుగా పెట్టి చూడు:
ఎవరో చేత్తో గీకిన అంకెలు,
పక్కన నిలువు గీత.
ఒక గీతయితే మొదటిసారి పాడింది.
రెండయితే, బాగా రాలేదని మళ్ళీ పాడించింది.

పొదిలి ఆదెమ్మ
రాజు వేషం కట్టి పాడిన పద్యం
రెండు గీతలది నా దగ్గర మూడున్నాయి.
ఒంటి గీతది చూసినవాడు లేడు.
"అసలు లేదు సామీ, ఉంటే నన్ను దాటి యాడికి పోద్ది?"
అనేవాడు ఒంగోలు పాతసామాన్ల కాలేషా.
ఇరవై రెండేళ్ళు తిరిగాను.
కంభంలో మైకుసెట్ల వాళ్ళ అటకల మీద,
గిద్దలూరు రైల్వే క్వార్టర్లలో,
కందుకూరులో మూసేసిన హార్మోనియం కొట్లో.
అక్కడ దొరికింది పందికొక్కు కాటు ఒకటే.

కొనకనమిట్ల దాటాక బస్సు పంచరయింది.
టీకొట్టు. ఎండ.
మజ్జిగ అడిగితే
ముసలామె కుండ మీద మూత తీసింది.
నల్లటి మూత. గుండ్రం. నడుమ చిల్లు,
చిల్లులో పుల్ల గుచ్చి పిడి చేసుకుంది.

గ్లాసు పక్కన పెట్టేశాను.
తుండుగుడ్డతో తుడిచాను.
లేబుల్ ఎన్నడో నానిపోయింది.
ఎండకు ఏటవాలుగా తిప్పాను:
అంకెలు. గీత.
ఒక్కటే.

"మా మేనత్తదిలే అబ్బయ్యా,
కంపెనీవాళ్ళు పంపించారంట.
వాయించే పెట్టె మాకు యాడుంది?
అప్పట్నుంచీ మూతే."
ఎంతకిస్తావంటే
సత్తు మూత ఒకటి తెచ్చియ్యమంది.
"అమ్మా, అసలుది ఇదే. మొదటిసారి పాడింది" అన్నాను,
దాచుకోవాల్సిన మాట నోరుజారి.
ఉన్న రెండు పళ్ళతో నవ్వింది.
"మొదటిసారేంది?
ఆ పెట్టె ముందు నిలబడేనాటికే
పొగాకు బేరన్ల కాడ, తిరునాళ్ళలో,
రాత్రిపూట బండి మీద నిద్రొచ్చి తూలతా తూలతా
వెయ్యి మాట్లు పాడుంటది.
వాటికి ఎవరు గీశారు గీతలు?"

ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళతో కడిగాను.
కాస్త వంకర తిరిగింది.
ముల్లు పడవలా లేచి పడతా పోతోంది.
ముప్పావు భాగం వాన చప్పుడే,
అడుగున యాడో ఆదెమ్మ.
మూడో పాదం కాడ ఆగింది.
మాట మరిచిపోయింది.
హార్మోనియం అదే స్వరం పట్టుకుని ఎదురుచూసింది.
పక్కనుంచి ఎవరో గుసగుసగా అందించారు.
చిన్నగా నవ్వి, రాజు నవ్వు కాదది,
ఆడమనిషి నవ్వు,
అందుకుంది.

రెండు గీతల దాంట్లో
పద్యం తప్పులేకుండా ఉంటుంది.

కాలేషాకు ఫోన్లో వినిపించాను.
కాసేపు ఏమీ అనలేదు.
"పాడైపోయింది గదా సామీ" అన్నాడు.

రేపు మళ్ళీ కొనకనమిట్ల పోవాలి.
మూత బాకీ ఉంది.
కుండ మూతి కొలవడం మరిచిపోయానని
బజార్లో నిలబడ్డాక గుర్తొచ్చింది.
అంతలోనే నవ్వొచ్చింది.
కొలత నాకు తెలుసు,
ఇరవై రెండేళ్ళుగా తెలుసు:
పది అంగుళాలు.