వాన లెక్క

కాజీపేట లోకోషెడ్డు వెనక
రైలోళ్ళ బొందలగడ్డను కొలిచి రమ్మని
నన్ను పంపింది కార్పొరేషన్,
టేపు, సున్నం డబ్బా, నాలుగు గళ్ళ ఫారం ఇచ్చి.

రాళ్ళు అరవై మూడు.
మొదటిది డ్రైవర్ సిరిల్ మెండిస్‌ది,
బాయిలర్ పగిలిన తేదీ తప్ప ఏదీ మిగల్లేదు దాని మీద.
పక్కన ఫైర్‌మన్ మాసిలామణి, అరవ అక్షరాల్లో.
చదవడం రాక గీతకు గీత దించుకున్నాను.
ఒక పాలరాయి జానెడే ఉంది:
"డోరిస్. పదకొండు రోజులు."
మిగతాదంతా సర్కారు తుమ్మ, వయ్యారిభామ, మేకలు.

ఫారం మడిచి పోబోతుంటే
గేటు కాడ బీడీలు చుడుతున్న ఎలీశమ్మ
తలెత్తకుండానే అంది:
"రాళ్ళు దొరలయి సారూ.
బల్లార్షా లైనుకు మట్టి మోసినోళ్ళకు రాయెవడు పెట్టిండు?
గత్తరొచ్చిన ఏడు ఒక్క దినమే పదేడుమందిని తెచ్చిండ్రంట.
మా తాత స్లీపరు చెక్కలు నాటిండు, తలకొకటి.
అవి గూడ ఎవరో పీకి సలి కాగిండ్రు.
ఏమంటం, సలి సలే గద."

మరి లెక్కెట్లా, అడిగాను.
కత్తెర ఆకు మీద ఆగింది.
"ఒక్క వాన పడనియ్యి.
మనిషి పన్న కాడ మట్టి కుంగుతది.
నీళ్ళే చెప్తయ్."

మిరుగు పోయిన మూడోనాటి రాత్రి పడింది.
తెల్లారి చెప్పులు చేతబట్టుకుని పోయాను.
తుమ్మల కింద, మేకల దారిలో, గోడ బయట కూడా,
మనిషి పొడుగున
నీళ్ళు.
కొన్ని అడుగే, అడుగున్నరే.
ఒకచోట రెండు ఒకదాన్లోకొకటి కలిసిపోయి ఉన్నాయి,
ఒకటని రాయాలో రెండని రాయాలో తెలియక
చాలాసేపు నిలబడ్డాను.
నూటా నలభై దాకా వచ్చి తప్పాను.
మళ్ళీ గేటు నుంచి మొదలుపెట్టాను.

పేరు గడి ఖాళీ. తేదీ గడి ఖాళీ.
వారసుల గడిలో గీత కొట్టాను.
రిమార్కుల్లో మాత్రం రాశాను:
"నీళ్ళు నిలుచు స్థలము."
మా సారు అది చదివి
డ్రైనేజీ సెక్షన్‌కు పంపుతాడు, నాకు తెలుసు.

అంతలో బల్లార్షా వైపు నుంచి
బొగ్గు గూడ్స్ ఒకటి వచ్చింది.
నేల అదిరింది.
అన్ని గుంటల్లో నీళ్ళూ ఒక్కసారే వణికాయి,
డోరిస్ రాయి పక్కన
పళ్ళెమంత చిన్నదాంట్లో కూడా.

దాన్ని నేను లెక్కలో వేయలేదు.
సున్నం డబ్బా మూత తీశాను.