గంజ్‌లో ఏడింటికి

మలక్‌పేట గంజ్‌కి నేను వెళ్ళేది
రేకుల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా జారే
ఆ ఇరవై నిమిషాల కోసం.
తర్వాత అన్ని ముఖాలూ రేషన్ కార్డు ఫోటోలే.

నలుపు తెలుపు రీలు. మిగిలినవి పదకొండు.
హమాలీ వీపున బస్తా. మనిషి లేడు,
బస్తాకే రెండు కాళ్ళు. నొక్కాను.
తరాజు దగ్గర గుమస్తా తుమ్ము. నొక్కాను, చెయ్యి కదిలింది.
చాయ్ గ్లాసు మీద ఆవిరి,
దాని వెనక గోడౌను తెరిచిన నోరు.

ఆవిరి కనబడాలంటే వెనక చీకటుండాలని
సుల్తాన్ బజార్‌లో ఖుద్దూస్ భాయ్ నేర్పాడు,
ఎర్ర బల్బు కింద ట్రేలో కాగితాన్ని
పసిబిడ్డకి లాల పోసినట్టు ఊపుతూ.
"నలుపుకు జల్దీ లేదు. ముందు బూడిదను రానియ్యి."
ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.
మా బాత్రూమ్ కిటికీకి మాత్రం ఇంకా గోనెపట్టా ఉంది.

అక్కడే సాయవ్వ.
రాలిన మిరపకాయలు ఊడ్చి, తొడిమలు తీసి
కిలోకింతని బతికే మనిషి.
ముక్కుకి అడ్డంగా కొంగు, పైన కళ్ళు.
కుప్ప వెనక నడుందాకా మునిగినట్టు కూచుంది.
లెన్సుకి ఆకుపచ్చ అద్దం తొడిగాను,
ఎరుపు పూర్తిగా నల్లబడాలని.

పదిహేను రోజులకి ప్రింటు తెచ్చిచ్చాను.
చాలాసేపు చూసింది. తిప్పి వెనక కూడా చూసింది.
"ఇవేంది బిడ్డా, బొగ్గులా?
నా మిర్చి ఎరుపేది?"

ఆ నలుపు ఎంత మెత్తగా దిగిందో,
రంగు పోతేనే నీ చూపు ఎలా పైకొచ్చిందో,
దారంతా కూడబలుక్కున్న మాటలు
గంజ్ ఘాటుకి గొంతులో అడ్డం పడ్డాయి. దగ్గాను.

"రంగుదైతే పైసలెక్కువైతయా?" జాలిగా అడిగింది.
కాదన్నాను. నమ్మలేదు.

బొటనవేలితో కాగితం మీది కన్ను తడిమింది.
"గీ చూపు మా చెల్లెది. సచ్చిపోయింది అది."
అంతే. ప్రింటు నా చేతిలో పెట్టేసింది.
"ఎర్రగ తీసుకరా. గదైతే ఉంచుకుంట."

తీసుకెళ్ళి ఇచ్చాను.
బాగానే వచ్చింది, కిరాణాకొట్టు క్యాలెండరులా.

ఇదేమో నా పెట్టెలో ఉంది.
కంటి కింద ఆమె వేలిముద్ర, సన్నటి ఎర్రపొడి గీతలు.
తుడవలేదు.
ముసురు పట్టిన రోజు పెట్టె తెరిస్తే
పక్కగదిలోంచి ఎవరో ఒకరు
తుమ్ముతారు.