రెండు వేళ్ల సందు

ఊచ్ నగరంలో ట్రాము నడుపుతాను.
పొద్దున నాలుగున్నరకి మొదటి బండి.
ఏ మలుపులో ఎంత కుదుపో తెలుసు,
ఏ స్టాపులో ఎవరు దగ్గుతూ ఎక్కుతారో తెలుసు.
నలభై ఏడేళ్లొచ్చాయి,
నా కొలత మాత్రం నాకు తెలీదు.

మొదటి జీతంతో కొన్నది లేత గోధుమరంగుది.
ఆ తర్వాతివన్నీ అదే.
అట్టపెట్టె మీద 'చర్మం రంగు' అని రాసుంటుంది.
ఎవరి చర్మమో మరి!
జ్వరమొచ్చినప్పుడు కూడా నాది ఆ రంగుకి తిరగలేదు.
పెద్ద సైజుల్లో ఇంతేనండీ, అనేవారు షాపుల్లో.
సన్నటివాళ్లకి లేసులు, మొగ్గలు, సీతాకోకచిలుకలు;
మాకు గుడారం గుడ్డ.

సాయంత్రం విప్పేసరికి
భుజాల మీద ఎర్రగా రెండు పట్టాలు.
బండి దిగి ఇంటికొచ్చినా
పట్టాలు నన్నొదల్లేదు.

డిపోలో టికెట్లు తనిఖీ చేసే యోలాంతా
ఓ కాగితమ్ముక్క మీద చిరునామా రాసిచ్చింది.
పాత నూలుమిల్లు వెనక సందు,
మెట్లు దిగితే కజిమీరా కొట్టు.
మిల్లు మూసేదాకా అందులోనే కుట్టేదట.
డెబ్బై దాటిన మనిషి, నోట్లో గుండుసూదులు.

"కొలతల టేపు?" అన్నాను.
"అది తర్వాత. ముందు చేతులెత్తు."
ఎత్తాను. వీపు వెనక పట్టీ
పిల్లి మెట్లెక్కినట్టు మెడదాకా పాకింది.
"చూశావా? ఇంటి బరువు పునాది మొయ్యాలి.
నువ్వేమో ఇల్లంతా చూరుకి వేలాడదీశావు."

నా తొంభై డెబ్బై అయింది.
అక్షరం మాత్రం సి దాటి, డి దాటి,
నేనెన్నడూ బండి నడపని పేటల మీదుగా పోయి
జె దగ్గర ఆగింది.
నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా.
"అక్షరం చూసి సిగ్గెందుకు?" అంది సూదుల మధ్యనుంచి,
"పడాల్సింది అది కుట్టకుండా ఊరుకున్నవాళ్లు."

మొదటిది పైన పొంగింది, పొయ్యి మీద పాలలా.
రెండోది నడిమధ్య ఎముకని తాకకుండా గాల్లో నిలబడింది.
మూడోదాని లేసు అందం చెప్పలేను,
గోకుడు కూడా.
నాలుగోది తెచ్చింది, పండిన రేగుపండు రంగు.
ఆ రంగు నాకు రాసిపెట్టి లేదనుకున్నాను ఇన్నాళ్లూ.

"కొంచెం వంగు. చంక పక్కకి జారిందంతా
చేత్తో లోపలికి తెచ్చుకో.
నీదే కదా, ఎక్కడో వదిలేస్తావేం?"
తెచ్చుకున్నాను.
"చివరి కొక్కీకే పెట్టు. గుడ్డ సాగుతుంది, సాగనీ.
లోపలి కొక్కీలు వచ్చే ఏటికి."
పట్టీ కింద తన రెండు వేళ్లు దూర్చి చూసింది.
చల్లటి వేళ్లు.
మూడోది పట్టలేదు. తల ఊపింది.

ఎవరికోసం అని అడగలేదామె.
అడిగితే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలీదు.
అద్దంలో ఓ మనిషి నిలబడింది,
వీపు నిటారుగా, నడుము ఎక్కడుందో కనబడుతూ.
ఆమెకి దారివ్వాలని
నేనే ఓ అడుగు పక్కకి జరిగాను.

ధర విని ఉలిక్కిపడ్డ మాట నిజం.
చలికాలం బూట్లు మరో ఏడాది ఆగాయి.

ఇప్పుడు నాలుగున్నర బండి
చర్చి దగ్గర మలుపులో ఎప్పటిలాగే కుదుపుతుంది.
కిటికీలు గలగలలాడతాయి, ముసలాయన సంచి దొర్లుతుంది.
నేను మాత్రం కుదురుగా ఉంటాను,
బూడిదరంగు యూనిఫాం లోపల
ఎవరికీ తెలియని ఓ రేగుపండు.

పాతవి పారేయలేదు.
ఊరిచివర నా చిన్న తోటలో
కాపుకొచ్చిన టమాటా కొమ్మల్ని
వాటి పట్టీలతో కట్టాను.
బాగానే మోస్తున్నాయి.
టమాటాలకి భుజాలు లేవు కదా.