అయిదో వంతు

జీలాంగ్‌లో అయిదూ యాభై రెండు బండి ఎక్కితే
సన్‌షైన్‌లో దిగేదాకా ఉన్న నిమిషాలు
ఎవరివీ కావు.
మొదటి పదీ కునుకుకే పోతాయి, ఒప్పుకుంటాను.
లారా దాటి, కిటికీలో యూ యాంగ్స్ కొండలు
కాళ్ళు ముడుచుకున్న ఒంటెల్లా కనిపించే వేళకి
సంచిలోంచి పుస్తకం తీస్తాను.
దానికి ఈహ డ్రాయింగు కాగితం అట్టవేశాను,
ఎదురుసీటాయన చూస్తాడని కాదు,
మరెందుకో.

"పేకాటకి చదువేంటి?" అన్నాడు ప్రణీత్
పప్పుగిన్నె తోముతూ.
నిజమే. మా వైపు పేకాట వల్ల చదువు పోయేది గానీ
పేకాటే చదువయ్యేది కాదు.
పెళ్ళి విడిదిళ్ళలో దుప్పటి పరుచుకుని కూర్చున్న
మామయ్యల వెనక, కాఫీ పళ్ళెంతో నిలబడి
నేను కాజేసింది నాలుగు మాటలు:
ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు.
ముక్కలు నా చేతికి ఇవ్వలేదు.
ఖాళీ గ్లాసులు ఇచ్చారు.

ఇప్పుడు నలభై ఒకటో పేజీ.
మూడు వారాలుగా నలభై ఒకటో పేజీయే.
సాయంత్రం బండిలో నిలబడే చోటుండదు
రాత్రి డ్యూటీ వారంలో పగలు పగలు కాదు
ఆదివారం ఉతుకుల బుట్టది.
ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ తిరిగే పది నిమిషాలు మాత్రం
గ్లవ్స్ విప్పి, జేబులోని చీటీ తీసి
వంతులు వల్లె వేస్తాను.
మూత తెరుచుకుంటుంది. రక్తం రెండుగా విడిపోయి ఉంటుంది,
పైన తేటనీరు, అడుగున ఎరుపు.
నాకు మాత్రం ఏదీ తేటపడి ఉండదు.

నిన్నొక గొట్టంలో పొటాషియం ఆరూ పాయింటు తొమ్మిది.
మళ్ళీ ఆడించాను, అదే అంకె.
వార్డుకి ఫోను చేసి రెండుసార్లు చదివి వినిపించాను.
చీటీ మీద పుట్టిన సంవత్సరం నాదే.
ఆ తర్వాత ఏమైందో
ఎవరూ ఫోను చేసి చెప్పరు, పద్నాలుగేళ్ళుగా.

నార్లేన్‌లో ఈత క్లాసయ్యాక
తువ్వాలు చుట్టుకుని వెనకసీట్లో ఈహ పరీక్ష పెడుతుంది.
"ఆఠీన్లు నాలుగొచ్చాయ్. ఇంకా ఎన్నున్నాయ్?"
తొమ్మిది.
"నీకు కనపడని ముక్కలు?"
నలభై ఆరు.
"అంటే?"
పచ్చలైటు పడింది. వెనక హారను.
అంటే అయిదో వంతు, ఓ వెంట్రుకవాసి తక్కువ.
దానికి తొమ్మిదేళ్ళు. నాకంటే ముందే చెప్పేసింది.

మంగళవారం, కోరియోలో పబ్బు.
ప్రవేశం ఉచితం, గెలిచినవాళ్ళకి మాంసం పళ్ళెం.
నేను గుడ్డు కూడా తినను.
ఉన్ని గోదాములో ముప్ఫయ్యేళ్ళు మూటలు లెక్కపెట్టి
రిటైరైన గ్లెనిస్, ఎదురుగా.
నా చేతిలో ఆఠీను ఏడూ ఎనిమిదీ,
బల్ల మీద మరో రెండు ఆఠీన్లు, ఇంకొక్క ముక్క రావాలి.
మధ్యలో తొంభై, ఆమె వేసిన ముప్ఫయ్యితో కలిపి.
నేనూ ముప్ఫయ్యి వేస్తే నూటయిరవై.
నాలుగో వంతు ఉంటేనే వెయ్యాలి.
నాకున్నది అయిదో వంతు.

అంతే. నలభై ఒకటో పేజీ మొత్తం అంతే.
చెయ్యి చిప్పల మీదికి వెళ్ళింది,
పదేళ్ళ పిల్ల చెయ్యి, కాఫీ వాసన వేసే చెయ్యి.
వెనక్కి తీసుకున్నాను.
ముక్కలు పడేశాను.

"రాబోయేదేంటో చూస్తావా?" పంచే కుర్రాడు ట్రెంట్
పేక మీద బొటనవేలు పెట్టి అడిగాడు.
వద్దన్నాను.
గ్లెనిస్ మొదటిసారి తలెత్తి నన్ను చూసింది.

ఇంటికొచ్చేసరికి పదిన్నర. ఈహ మేలుకునే ఉంది.
"వచ్చేదా, అమ్మా?"
చూడలేదు.
"చూడకపోతే నువ్వు చేసింది రైటని ఎలా తెలుస్తుంది?"
దుప్పటి కప్పి దీపం ఆర్పాను.
డబ్బాలో పెరుగన్నం సర్ది, అలారం
నాలుగూ యాభైకి పెట్టాను.

రేపు లారా దాటాక
నలభై రెండో పేజీ.