మూడో స్తంభం

లిఫ్టు ఏడో అంతస్తు దాకానే.
ఆ పైన మెట్లెక్కితే మా లాడ్జి.
కౌంటర్లో షౌకీ నా పటం తిరగేసి
వెనక తెల్లకాగితం మీద రాశాడు కైరోని:

"టాక్సీ వద్దు, నది మీద పడవ బస్సుంది.
కొషరీ చిన్న గిన్నె చాలు,
వెల్లుల్లి రసం ఎంత పోసుకున్నా అడగరు.
సాయంత్రం వంతెన మీద నించో,
గాలికి టిక్కెట్టు పెట్టాలని ఇంకా ఎవరికీ తట్టలేదు.
మధ్యాహ్నం పాత మసీదు ముంగిట్లో నడుం వాల్చు.
దక్షిణం వైపు మూడో స్తంభం. ఎండ రాదు."

అంత కచ్చితంగా ఎలా తెలుసన్నాను.
"మిన్యా నుంచి వచ్చిన కొత్తలో
పదకొండు రోజులు" అని
పెన్ను మూత వెతుక్కున్నాడు.

వెళ్లాను.
మూడో స్తంభం దగ్గర
సంచి పట్టీ మణికట్టుకి చుట్టుకుని
ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు.

నాలుగోదానికి జరిగాను.
అక్కడ సగం ఎండ.