నెమ్ము

నైట్ డ్యూటీ దిగి, చేతులకి స్పిరిట్ వాసనతోనే
స్కూటీని భీమిలి రోడ్డెక్కించాను.
రుషికొండ దాటాక ఎడమపక్క కొండలింకా నిద్రలో ఉన్నాయి.
కుడిపక్క సముద్రం ఎప్పుడు పడుకుంది కనక.

వీపుమీద సంచి నాలుగున్నర కిలోలు.
అందులో సగం లెన్సు,
తక్కిన సగం దాని వాయిదాలు.

ఎర్రమట్టి దిబ్బల్లో తెల్లారడం పైనుంచి రాదు,
గోడల్లోంచి ఊరుతుంది.
రాత్రి గాలి నా పాతడుగులు చెరిపేసి
నక్కవి మాత్రం ఉంచింది.

మూడో ఆదివారం, అదే మలుపు.
ట్రైపాడ్ మూడో కాలు బిగవదు,
ఆస్పత్రి ప్లాస్టరు చుట్టాను, పేషెంటులా నిలబడింది.
జూమ్ తిప్పితే కరకర,
లోపల ఓ చిన్న దిబ్బ చేరినట్టుంది.
బ్యాటరీ రెండు గీతలు చూపిస్తుంది,
నమ్మితే ఒకటీ ఉండదు.

వచ్చింది.
ఇల్లుగలాయన వాకిట్లోకి వచ్చినట్టు వచ్చింది.
ముందుకాళ్ళు చాచి ఒళ్ళు విరిచింది,
ఆవులించింది,
నాలుక కొసన కాస్త వెలుగు.
వేలు నొక్కాను.

లెన్సు వెతకడం మొదలుపెట్టింది.
ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళి,
జుయ్ జుయ్ మంటూ,
కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని
వార్డంతా వెతికే మా పెద్ద డాక్టరుగారిలా.
నక్క ఒక్క చెవి ఇటు తిప్పింది.
అంతే. దిబ్బ మలుపు తిరిగింది.

తీసినవి ఇరవై మూడు.
అన్నిట్లోనూ గడ్డిపోచ మహా స్పష్టం.
దాని నూగు లెక్కపెట్టొచ్చు,
నూగుకి వేలాడే మంచుబొట్టులో
సముద్రం కూడా ఉంది, తలకిందులుగా.
వెనకాల ఒక గోధుమరంగు మరక.
“ఇదేంటక్కా, తుప్పా?” అంది ల్యాబులో హేమసుందరి.

డాబాగార్డెన్స్‌లో మెట్లకింద కోదండం దుకాణం.
టార్చి వెలుగు ఏటవాలుగా లోపలికి పంపి
నాలుక చప్పరించాడు.
“ఏటమ్మా, బీరువాలో ఒగ్గీసినావా? నెమ్ము పట్టీసింది.
ఈ ఊరి గాలే అంత.
ఇనుముని తింతాది, గాజునీ తింతాది.”

వంగి చూశాను.
గాజు అంచునుంచి నడిమికి
చీలుతూ, మళ్ళీ చీలుతూ తెల్లటి కొమ్మలు.
పదకొండేళ్ళుగా స్లైడుమీద చూస్తున్నదే.
కఫంలో, గోళ్ళ చివర, చీముకారే చెవుల్లో
దొరికినప్పుడల్లా పేరు రాసి, సంతకం పెట్టి
పై అంతస్తుకి పంపేస్తాను.
ఇది నా వీపుమీదే తిరిగింది.
నక్కకోసం నేను కన్ను చికిలిస్తుంటే
నా కంటికీ నక్కకీ మధ్య, తీరిగ్గా,
తన అడవి తాను పెంచుకుంది.

“తుడిచీమంటావా?”
వెంటనే అవుననలేకపోయాను.
పద్దెనిమిదొందలన్నాడు.
అప్పుడు నోరొచ్చింది, పన్నెండన్నాను.
“వారానికోపాలి ఎండ సూపించు.
అడుగుమూత మాత్రం తీయకు, మేడ అంటుకుంటాది.”

ఇవాళ ఆదివారం. స్కూటీ పంక్చరు.
మేడమీద, పక్కింటివాళ్ళ నెత్తళ్ళ చాప పక్కన
లెన్సుని మూతమీద నిలబెట్టాను.
నెత్తళ్ళకోసం దిగిన కాకి
వాటినొదిలి దీని అంచున వాలింది.
మెడ వాల్చి, ఒక కన్నుతో లోపలికి చూసింది.
తిరిగి, రెండో కన్నుతో చూసింది.

కెమెరా కింద గదిలో ఉంది.
కదిలితే ఎగిరిపోతుంది,
మెట్లమీద ఒక కాలు, మేడమీద ఒక కాలుతో
అలాగే ఉండిపోయాను.
దానికేం కనిపించిందో తెలీదుగాని
చాలాసేపే చూసింది.
పోతూ పోతూ ఒక నెత్తల్లు పట్టుకుపోయింది.