కట్టుడు గడియారం

ఇరవై రెండేళ్ళు దాన్ని తలకిందులుగానే చూశాను.
బల్లకి అవతల డాక్టర్ సీతో, ఇవతల నేను,
మధ్యలో ఎవరివో మైనపు చిగుళ్ళు.
"ఇక్కడ కొంచెం అరగదియ్యి" అని ఆయన వేలు పెడితే
నా చూపు మణికట్టు దాటి వెళ్ళేది కాదు.
లోతునీళ్ళ నలుపు,
చుట్టూ గరుకు అంచున్న స్టీలు కట్టు,
ఆరు ఉండాల్సిన చోట పన్నెండు.

ధర ఒకసారి కనుక్కున్నాను.
నేను కట్టిన దవడలన్నీ వరసగా పేర్చి
కౌలూన్ రేవులో ఫెర్రీ ఎక్కించినా
అవతలి గట్టున ఆ దుకాణం తలుపు తెరుచుకోదు.

అప్లియూ వీధిలో టార్పాలిన్ల కింద
ఫుక్ తాతది నాలుగడుగుల బల్ల.
మందుబిళ్ళల డబ్బాల నిండా గడియారాల అవయవాలు,
ముళ్ళు గ్రాముల లెక్కన.
కేసు అక్కడే దొరికింది.
యంత్రం జపాన్‌ది, ఏ మినీబస్సు డ్రైవరో విసుగెత్తి
పారేసిన వాచీ కడుపులోది.
అద్దం షెన్‌జెన్ నుంచి,
రైల్లో గంట దూరం, పోస్టులో పదకొండు రోజులు.
డయల్ మాత్రం ఉత్తది కావాలన్నాను.
తాత కళ్ళజోడు నుదుటికి నెట్టాడు.
"పేరున్నదీ అదే రేటు. నీకేమన్నా మతిపోయిందా?"

పొట్లం విప్పితే
పేరున్నదే పంపాడు.
ఆవగింజంత అక్షరాలు, తెల్లగా, పొగరుగా.

పదిహేడో అంతస్తులో మాకున్నది ఒకటే గది.
ఇస్త్రీ బల్లే భోజనాల బల్ల, అదే నా కార్ఖానా.
జులై ఉక్కలో యూక్-లాన్
పల్లెత్తు మాట అనకుండా ఫ్యాన్ ఆపేసి
మెడ మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది.

తాళం తిప్పే గుబ్బనీ క్రౌన్ అనే అంటారు.
పగలంతా నేను పోత పోసేదీ అదే.
అయినా దాని కాడ కోసేటప్పుడు
వెంట్రుకవాసి ఎక్కువ తెగింది.
రెండోది తెచ్చాను. సెకన్ల ముల్లు వంగింది.
మూడో రాత్రి, ఊపిరి బిగబట్టి అద్దం బిగించాక
నడిమధ్య ఒక ధూళి రేణువు,
పంటి కింద రాయిలా.
మళ్ళీ విప్పాను.

దానికంటే ముందు పేరు సంగతి.
లియుంగ్ అవ్వ నా పళ్ళతో వేరుశనగలు నములుతుంది,
నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది.
అవి ఎవరి పళ్ళని ఆమెను అడిగిన వాళ్ళు లేరు.
నమిలితే చాలు.
ఇదీ అంతే, నడిస్తే చాలు అనుకున్నాను,
కానీ ఆ అక్షరాలు చూస్తుంటే
ఎవరి ఉంగరమో నా వేలికి తొడుక్కున్నట్టుంది.
దూదిపుల్ల ఎసిటోన్‌లో ముంచి తుడిచాను.
పేరు పోతూ పోతూ
కింది నలుపుని కాస్త కొరికి పోయింది.
బియ్యపు గింజంత బూడిద మచ్చ.

కట్టుకున్నాను.
పన్నెండు పైనే ఉంది.
ఇన్నేళ్ళకి అది నాకేసి తిరిగింది.
రోజుకి తొమ్మిది సెకన్లు ముందుకి ఉరుకుతుంది,
ఉరకనీ.

బుధవారం సీతో గారి బల్ల.
ఈసారి ఆయన చూపు దారి తప్పింది.
తన చెయ్యి నా చెయ్యి పక్కన ఆనించాడు,
ఆయనది నాలుగు నిమిషాలు వెనక.
నాది ఆయనకి తలకిందులు.
మచ్చ మీద గోరు పెట్టి, "ఇదేమిటి?"
"పన్ను పీకిన చోటు" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
మైనపు చిగుళ్ళు నా ముందుకి జరిపి
"కింది దవడ, ఎడమ పక్క" అన్నాడు,
ఎప్పటికంటే కొంచెం మెల్లగా.

రాత్రి దీపం కింద చూస్తే
మూడు అంకె పక్కన, అద్దం లోపల,
ఎక్కడిదో సన్నటి నూలుపోగు.
నేనింకా ఏమీ అనలేదు.
యూక్-లాన్ లేచి
ఫ్యాన్ ఆపేసింది.